తాడు కొలతలు

జూలై 3

ఈరోజు పనులు: బట్టలు రెండు విడతలు. కిటికీ తెరలు దించి, దులిపి, మళ్ళీ కట్టాను. దిండు గలేబులు రెండు కుట్టాను. పాత కాగితాలు నాలుగు కట్టలు. మీ అన్నయ్య నోటి వెంట వచ్చిన మాట: ఒకటి.

తోకా,

చివరి లెక్క చూశావుగా, దాని కోసమే ఈ ఉత్తరం. మీ అన్నయ్య పెట్టిన పేరుతో పిలిస్తే నీకు ఒళ్ళు మండుతుందని తెలుసు. ఇరవై ఆరేళ్ళుగా తెలుసు.

లిఫ్టు కంపెనీ వాళ్ళు ఇప్పటికీ నెలనెలా పత్రిక పంపుతూనే ఉన్నారు. విప్పకుండానే అటకెక్కిస్తున్నాను. ఈవేళ అన్నీ దించి కట్టలు కడుతుంటే పోయిన నెల సంచిక జారి కిందపడి తెరుచుకుంది. మీ అన్నయ్య ఎప్పటిలాగే గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. చప్పుడుకి ఇటు తిరిగారు. లేచి వచ్చి, ఆ పత్రిక తీసుకుని, కిటికీ దగ్గర నిలబడి పావుగంట చదివారు. తర్వాత నాకేసి చూసి, "ఇందులో దాపరికం లేదోయ్. ఎంత బరువో అంత నీళ్ళు" అన్నారు.

నీకు తెలిసిందే అయినా, లెక్క మొదటినుంచి రాయకపోతే నాకు చెయ్యి సాగదు. ఆయన తనిఖీ చేసే ఎనిమిది భవనాల్లో ఒకదాంట్లో మూడేళ్ళ కింద లిఫ్టు తాడు తెగింది. ఐదో అంతస్తు టీచరమ్మ నడుం విరిగింది. ఆవిడ ఇప్పటికీ మంచంలోనే ఉంది. విచారణలో తాడు తయారుచేసిన వాళ్ళదే తప్పన్నారు. మీ అన్నయ్య కొలతల పుస్తకం తిరగేసి శభాష్ అని చెయ్యి కలిపి పంపించారు. ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పారు. మళ్ళీ తొడుక్కోలేదు. ఫోను మోగితే చెమటలు పడుతున్నాయని దాన్నీ తీయించేశాం. అందుకే మనకీ ఉత్తరాలు.

ఇక ఆ పత్రికలో ఉన్నది. ఎక్కడో వేరే దేశంలో, ఒక కొండ మీదికి ఒక రైలు. రెండే పెట్టెలు, రెంటికీ కలిపి ఒకటే ఇనప తాడు. మోటారు లేదు. పైనున్న పెట్టె అడుగున తొట్టె ఉంటుంది. అందులో నీళ్ళు నింపితే బరువెక్కి కిందికి దిగుతుంది, దిగుతూ కిందిదాన్ని పైకి లాగుతుంది. కిందికి చేరాక నీళ్ళు వదిలేస్తారు. కింద ఎంతమంది ఎక్కారో కిందివాడు గంట కొట్టి చెప్తే, ఆ లెక్కకి తగ్గట్టు పైవాడు నీళ్ళు పోస్తాడట. నేను ఎక్కితే పాపం వాడు రెండు తొట్లు పొయ్యాలి. ఈ అక్టోబరు నెలాఖరుతో నీళ్ళు మానేసి కరెంటు మోటారు పెట్టేస్తున్నారు.

మీ అన్నయ్య ఆ పత్రిక తిరిగి ఇవ్వలేదు. దిండు కింద పెట్టుకున్నారు. నువ్వు టిక్కెట్ల ఆఫీసులో కూర్చునేదానివి. అక్కడికి వెళ్ళిరావడం మనలాంటి వాళ్ళకి అయ్యే పనేనా? కాకపోతే కాదనే రాయి. ఆశపెట్టి లాక్కోవద్దు.

వదిన

*

జూలై 11

వదినా, వదినా, వదినా,

నీ ఉత్తరం కౌంటర్లో కూర్చునే చదివేశాను. క్యూలో ముందున్నాయన, "ఏమ్మా, ప్రేమలేఖా?" అన్నాడు. "కాదండీ, మా వదిన రాసింది" అన్నాను. "అయితే పొట్టిదే అయ్యుంటుంది, కానివ్వమ్మా" అన్నాడు. ఆయనకి నీ సంగతేం తెలుసు!

అయ్యే పనేనా ఏమిటి, అయిపోయింది. మా ఆఫీసులో సర్వీసు మొత్తానికి ఒక్కసారి మూడు ఉచిత టిక్కెట్లు ఇస్తారు, ఏ దేశానికైనా సరే, కుటుంబంతో కలిసి. పద్నాలుగేళ్ళుగా ముట్టుకోలేదు. పెళ్ళయితే వాడుకుందామని దాచాను. పెళ్ళికొడుకు ఇంకా క్యూలో నిలబడినట్టు లేడు. అన్నయ్య, నువ్వు, నేను. సరిగ్గా మూడు. సెప్టెంబరు ముప్పైలోగా పేర్లు ఖాయం చెయ్యాలి. ఆ తర్వాత మార్చడానికి లేదు, వాడకపోతే మురిగిపోతాయి.

అక్టోబరు 18న బయల్దేరి 22కల్లా ఇంట్లో ఉంటాం. ఆ రైలు పైకెక్కడానికి ఆరు నిమిషాలు. మా మేనేజరు, "ఆరు నిమిషాల కోసం ఐదు రోజులా? కొండని తవ్వి ఎలకని పట్టినట్టుంది" అన్నాడు. "తవ్వడానికి కాదండీ, ఎక్కడానికి వెళ్తున్నాం" అన్నాను.

పాస్‌పోర్టుకి ఫోటోలు కావాలి. గోడకి తెల్ల దుప్పటి కట్టు, ఫోటోవాణ్ణి ఇంటికే పిలువు.

నాకు ఈ సంగతి రాయకుండా ఉండాల్సిందని మాత్రం అనకు. నేను అన్నయ్యకి బాకీ ఉన్నాను. అది తీరే దారి దొరకదనుకున్నాను.

నీ ఆడపడుచు (తోక కాదు)

*

జూలై 24

ఈరోజు పనులు: బట్టలు ఒక విడత. పొయ్యి గట్టు కడిగాను. ఫోటోవాడికి టీ రెండుసార్లు. ఫోటోలు: నావి నాలుగు, మీ అన్నయ్యవి నాలుగు.

తోకా,

ఫోటో అయింది. ఫోటోవాడు దుప్పటి ముందు మీ అన్నయ్యని కూర్చోబెట్టి, "సార్, దీనికి నవ్వకూడదండీ" అన్నాడు. "మా ఇంట్లో ఆ నియమం మూడేళ్ళుగా అమల్లోనే ఉంది" అన్నారు ఆయన. నేను వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో చెప్పలేను, రెండూ ఒకే గిన్నెలో పొంగాయి.

మనం ఉండేది మూడో అంతస్తు. వీధిదాకా మెట్లు యాభై నాలుగు. ఒకేసారి దింపుదామంటే జరిగే పని కాదు. మొదటి నాలుగు రోజులు గడప. తర్వాత రోజుకో మెట్టు చొప్పున. ఆయనకి చెప్పలేదు. బిందె పట్టుకోమనో, కింది తలుపు వేశారేమో చూడమనో ఏదో ఒక వంక. ఆయనకి నా వంక తెలుసు. తెలిసీ దిగుతున్నారు.

నువ్వు బాకీ అని రాశావు. నా పుస్తకాలు పద్దెనిమిదేళ్ళవి తీసి చూశాను. మీ అన్నయ్య నీకు ఇచ్చినవన్నీ ఉన్నాయి, నువ్వు తిరిగిచ్చినవీ ఉన్నాయి. ఇంకా బాకీ ఎక్కడిది? నాకు తెలియకుండా ఇచ్చారా? ఇస్తే ఇచ్చారు, దాని కోసం నీ జీవితానికి ఒక్కసారి వచ్చేది ఖర్చుపెట్టేస్తావా?

వదిన

*

ఆగస్టు 5

వదినా,

నిన్ను తలచుకుంటే నవ్వాలో జడవాలో తెలియదు. నేను బాకీ అంటే నువ్వు పుస్తకాలు తీశావు!

డబ్బు కాదు. చెప్పకూడదనే అనుకున్నాను. నువ్వు వదిలిపెట్టేలా లేవు.

నాకు ఈ ఊరు బదిలీ అయిన రోజు గుర్తుందా? నీకు జ్వరం, నువ్వు స్టేషనుకి రాలేదు. అన్నయ్యకి ఆ రోజు తనిఖీలు. రాలేనన్నాడు మొదట. నేనే పట్టుబట్టాను, చిన్నపిల్లలా. "నువ్వు రాకపోతే నేను రైలెక్కను, ఇక్కడే బెంచీ మీద ముసలిదాన్నైపోతాను" అన్నాను. వచ్చాడు. రైలు గంట ఆలస్యం. ఆ గంటా బెంచీ మీద కూర్చుని వేరుశనగలు వలిచిపెట్టాడు. వెళ్ళేటప్పుడు, "ఇంకొక భవనం మిగిలింది తోకా, పొద్దుపోయింది, ఏదో ఒకటి చేస్తాలే" అన్నాడు. ఆ మిగిలింది టీచరమ్మ ఉండే భవనం. మూడు వారాలకి తాడు తెగింది.

ఆ గంట నాది వదినా. నేను తినేశాను. అన్నయ్య ఎవరికీ చెప్పలేదు, నేను బాధపడతానని. మూడేళ్ళుగా నా బదులు ఆ గదిలో ఉన్నాడు. ఇప్పుడు ఐదు రోజులు ఇచ్చి ఆ గంట తీర్చుకుంటాను. ఈ సంగతి ఆయనతో అనకు.

నీ ఆడపడుచు

*

ఆగస్టు 14

ఈరోజు పనులు: బట్టలు ఒక విడత. బియ్యపు డబ్బా ఎండబెట్టాను. మెట్లు: పదహారు.

అమ్మాయీ,

నీ ఉత్తరం అందాక నాలుగు రోజులు కలం పట్టుకోలేదు. నువ్వు రాసింది ఏమిటో ఒకసారి నువ్వే చదువుకో. నీ గంట వల్ల తాడు తెగిందంటే, మీ అన్నయ్య ఆ రోజు చూడకుండానే చూసినట్టు రాశారని అర్థం. విచారణ చేసిన పెద్దమనుషులకి దొరకని తప్పు చెల్లెలికి దొరికింది. ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఆయన ఒక్కరోజు కొలవకుండా అంకె వేసి ఎరగరు. పొద్దుపోయినా లాంతరు పట్టుకుని ఎక్కి ఉంటారు. ఈ ఇంట్లో ఇంక ఆ మాట ఎత్తవద్దు.

ఇక విషయానికి. నిన్న పదహారో మెట్టు మీద కూర్చున్నారు. నేను పక్కనే కూర్చున్నాను. "ఆ తాడు లావెంత?" అన్నారు. నాకేం తెలుసు? "మూడు నెలలకోసారి కొలుస్తారు కదా, చివరి నాలుగు కొలతలూ కావాలి. కొలిచినవాడి సంతకం కావాలి. అది చూపిస్తే వస్తాను. లేకపోతే రాను" అన్నారు. వస్తాను అన్నారు, విన్నావా. ఆయన వస్తాను అనడం నేను ఎప్పుడు విన్నానో పుస్తకంలో కూడా లేదు.

వెంటనే ఆ రైలు వాళ్ళకి రాయి.

వదిన

*

ఆగస్టు 25

వదినా,

అమ్మాయీ అని మొదలుపెట్టావు. తోకా అని పిలిస్తే కోపం వస్తుందనుకున్నాను ఇన్నేళ్ళూ. పిలవకపోతే ఇంకా బాగా వస్తుందని ఇప్పుడు తెలిసింది.

నేను అన్నయ్యని అనలేదు. నన్ను నేను అనుకున్నాను. నీకు అలా వినిపించింది. సరే, ఎత్తను.

రైలు వాళ్ళకి ఆ రోజే రాశాను. వాళ్ళ భాష వచ్చినాయన మా ఆఫీసులో ఒకడే. కొలతల సంగతి చెప్తే, "ఎవరైనా వెళ్ళేముందు వాన పడుతుందా అని అడుగుతారు, మీ అన్నయ్యేంటమ్మా తాడు లావెంతని అడుగుతాడు" అన్నాడు. "ఆయన తాళ్ళ డాక్టరండీ" అన్నాను. నాడి చూడకుండా నమ్మడు మరి.

జవాబు రాగానే పంపిస్తాను. మెట్ల లెక్క ఆపకు.

ఆడపడుచు

*

సెప్టెంబరు 12

ఈరోజు పనులు: బట్టలు ఒక విడత. మీ అన్నయ్య కోటు గుండీలు బిగించి కుట్టాను. ప్రయాణం పెట్టె దులిపి ఎండలో పెట్టాను. మెట్లు: నలభై ఒకటి.

తోకా,

నలభై ఒకటి దగ్గర ఐదు రోజులుగా ఆగాం. అక్కడొక చిన్న కిటికీ ఉంది, అందులోంచి వీధి కనిపిస్తుంది. పోస్టుమాన్ సైకిలు దిగడం అక్కడినుంచే చూస్తున్నారు. పైకి రాకుండా వెళ్ళిపోతే, "ఇవాళా లేదు" అని తిరిగి పైకి ఎక్కుతున్నారు. కింది అంతస్తులో కుట్టుమిషనావిడ నిన్న తలుపు తీసి ఆయన్ని చూసి కత్తెర జారవిడిచింది. "బాగున్నారా సార్, ఎన్నాళ్ళకి!" అంది. "బాగున్నానమ్మా, ఉత్తరం కోసం" అన్నారు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని గిచ్చింది.

గడ్డం తనే గీసుకున్నారు. పొద్దున వేడినీళ్ళు అడిగారు. ఐదు రోజులకి ఎన్ని జతలు పెట్టాలో నేను చీటీ రాస్తుంటే పక్కకొచ్చి, "మేజోళ్ళు ఇంకొక జత వెయ్యి, కొండ మీద చలి" అన్నారు.

ఇక మిగిలినవి పదమూడు మెట్లు. ఆ కాగితం వస్తే దిగుతారు. రాకపోతే పేర్లు ఖాయం చేసే గడువు కూడా దాటిపోతుంది. రోజూ పోస్టుమాన్ ముఖం, ఆయన ముఖం ఒకదాని తర్వాత ఒకటి చూడడం నా వల్ల కావడం లేదు. ఆ రైలు వాళ్ళకి ఇంకొకసారి రాయి. బతిమాలు.

వదిన

*

సెప్టెంబరు 19

వదినా!

వచ్చింది! మా ఆఫీసాయన చేత మన భాషలోకి రాయించి టైపు కొట్టించాను, కాగితం ఇందులోనే ఉంది. తాడు లావు, నాలుగు తనిఖీలు, నాలుగు తేదీలు, అన్నీ ఉన్నాయి. తాడు భేషుగ్గా ఉందట. అన్నయ్య చేతిలో పెట్టు. పదమూడు మెట్లూ దింపు. నేను పేర్లు ఖాయం చేసేస్తున్నాను.

తోక (చూశావా, నేనే రాసుకున్నాను)

*

సెప్టెంబరు 27

ఈరోజు పనులు: ఏమీ లేవు. అన్నీ రేపటికి.

తోకా,

నీ కాగితం నలభై ఒకటో మెట్టు మీదే ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చదివారు. ఒకసారి వేలు పెట్టి పైనుంచి కిందికి అంకెల మీద జరిపారు. జరిపి నవ్వారు. నేను ఇన్నాళ్ళూ ఏ నవ్వు కోసం చూశానో అది కాదు.

"తాడు బాగోలేదా?" అన్నాను.

"చాలా బాగుంది. ఇంత బాగున్న తాడు లోకంలో ఉండదు" అన్నారు.

"మరి దిగుదాం రండి, ఇంకా పదమూడే."

"తోక చక్కగా రాసింది" అని కాగితం మడిచి నా చేతిలో పెట్టి పైకి ఎక్కేశారు. గోడవైపు తిరిగి పడుకున్నారు. ఇవాళ్టికి నాలుగో రోజు. వేడినీళ్ళు పెట్టి పిలిస్తే చల్లారిపోయాయి. పత్రిక దిండు కిందనుంచి తీసి గుమ్మం దగ్గర పెట్టారు, పాత కాగితాలవాడి కోసం.

ఆ రైలు వాళ్ళు ఏం తప్పు రాశారు? మన భాషలోకి మార్చినాయన ఏమైనా పొరపడ్డాడా? నాకు ఏ అంకె చూసినా బాగానే ఉంది. మూడు నెలల గడువులూ సరిగ్గా ఉన్నాయి, కూడికలు కూడా చూశాను. నాకు అర్థం కావడం లేదు. నువ్వే చెప్పు.

వదిన

*

అక్టోబరు 4

వదినా,

ఎలా రాయను? రాస్తాను.

జవాబు రాలేదు. ఆ కాగితం నేనే రాశాను.

నీ ఉత్తరంలో మేజోళ్ళ సంగతి చదివాక కుర్చీలో కూర్చోలేకపోయాను. గడువు పదకొండు రోజులుంది. అన్నయ్య రోజూ ఆ కిటికీ దగ్గర నిలబడి పోస్టుమాన్‌ని చూస్తున్నాడు. నువ్వు ఆగస్టులో రాసిన ఆ ఉత్తరం ఇంకా నా గుండెలో ముల్లులా ఉంది. ఎలాగైనా ఈ పని జరిపించి నీ ముందు తలెత్తుకోవాలనుకున్నాను. తాడెలాగూ బాగానే ఉంటుంది, రోజూ జనం ఎక్కుతూనే ఉన్నారు, అసలు జవాబు వచ్చినా ఇదే చెప్తుంది, నాలుగు రోజులు ముందు చెప్తే ఎవరికి నష్టం అనుకున్నాను. ఇలాంటి రైళ్ళకి తాడు లావెంతుంటుందో ఒక పుస్తకంలో వెతికి, అదే వేశాను. ముప్పై రెండు మిల్లీమీటర్లు. నాలుగుసార్లూ ముప్పై రెండే. అరగలేదంటే అన్నయ్యకి ధైర్యంగా ఉంటుందనుకున్నాను.

టైపు కొడుతున్నప్పుడు ఒక్క అక్షరం తప్పు పడలేదు వదినా. అదే ఇప్పుడు నన్ను తినేస్తోంది.

అసలు జవాబు నిన్న వచ్చింది. నిజంగా వచ్చింది. దాని నకలు, తర్జుమా రెండూ జతచేస్తున్నాను. ఒట్టు పెట్టమంటే పెడతాను. నేను పెట్టే ఒట్టుకి ఇప్పుడు విలువేముంది? ఇది చూపించు. వింటాడేమో. పేర్లు ఖాయమై ఉన్నాయి. ఇంకా రెండు వారాలుంది.

నన్ను తిట్టు. ఏమీ అనకుండా మాత్రం ఉండకు.

తోక

*

అక్టోబరు 11

ఈరోజు పనులు: బట్టలు ఒక విడత. ప్రయాణం పెట్టె విప్పి బట్టలు బీరువాలో సర్దాను. పెట్టె అటక మీద పెట్టాను. మెట్లు: మీ అన్నయ్యవి సున్నా. నావి నూట ఎనిమిది, దిగి ఎక్కడం.

తోకా,

నిన్ను తిట్టను. తిట్టే కోపం నీ వైపు లేదు.

నువ్వు పంపిన అసలు కాగితం మొన్న మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని చదివాను. గోడవైపు తిరిగే ఉన్నారు. "పోయిన అక్టోబరులో ముప్పై ఒకటి పాయింట్ ఎనిమిది. జనవరిలో పాయింట్ తొమ్మిది. ఏప్రిల్లో పాయింట్ ఏడు. జూలైలో కొలవాల్సిన రోజు పొగమంచు వల్ల కనబడలేదు, మర్నాడు కొలిచాం, పాయింట్ ఏడు" అని చదివాను. అప్పుడు ఇటు తిరిగారు.

"ఇది నిజం" అన్నారు.

"ఎలా తెలుసు?"

"జనవరిలో పెరిగింది చూశావా? తాడు ఎక్కడైనా పెరుగుతుందా? కొలిచినవాడి చెయ్యి చలికి తేడా వచ్చింది. వచ్చినా దిద్దుకోలేదు, వచ్చిందే రాశాడు. నిజంగా కొలిస్తే అంకెలు ఇలాగే ఉంటాయి, ఎగుడుదిగుడుగా."

"మరి తోక రాసింది?"

"నాలుగుసార్లూ ఒకటే అంకె. నా పుస్తకమూ అంతేగా. అందుకే చూడగానే పట్టుకున్నాను."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అర్థం కానట్టే కూర్చున్నాను. తర్వాత నీ మాట నిలబెట్టలేకపోయాను. స్టేషను సంగతి అడిగేశాను. ఆ రోజు చెల్లెలి దగ్గర పొద్దుపోయిందని చూడకుండా రాశారా అన్నాను.

"ఆ రోజేమిటి?" అన్నారు. "ఆ భవనంలో పైకప్పు మీది గదికి ఇనప నిచ్చెన ఎక్కాలి. మోకాళ్ళు సహకరించక దాన్ని ఎక్కడం మానేసి అప్పటికే ఏడాదిన్నర. కింద వాచ్‌మాన్ కుర్చీలో కూర్చుని అంకె వేసేవాణ్ణి. పన్నెండు, పన్నెండు, పన్నెండు. తోక రైలు వేళకి వచ్చినా ఆ సాయంత్రం అదే అంకె వేసేవాణ్ణి."

"విచారణలో ఎందుకు చెప్పలేదు?"

"చెప్దామనే వెళ్ళాను. పుస్తకం చూసి శభాష్ అన్నారు. అందరూ శభాష్ అన్నాక నోరు పెగల్లేదు."

"ఇప్పుడు చెప్పండి. టీచరమ్మ బతికే ఉంది. రెండు వీధుల అవతలే. నేను తోడొస్తాను."

"చెప్తే ఆవిడ నడుం అతుక్కుంటుందా?" అని మళ్ళీ గోడవైపు తిరిగారు. ఎంత పిలిచినా పలకలేదు. ఇంక పలకరని నాకు తెలిసిపోయింది.

మూడేళ్ళు నేను దాన్ని భయం అనుకున్నాను తోకా. భయానికి మెట్లు లెక్కపెట్టి మందు వేశాను. ఆయనకి బయటికి వెళ్ళడానికి భయమేమీ లేదు. ఆవిడ లేవలేని మంచం అక్కడుంటే, ఈయన లేవని మంచం ఇక్కడ వేసుకున్నారు. చెప్పడానికి ధైర్యం లేక పడుకోవడం ఎంచుకున్నారు. దీనికి నా దగ్గర ఏ వంకా లేదు. ఆ నీళ్ళ రైలు చూడాలని ఎందుకు అనిపించిందో మాత్రం తెలిసింది. కింద ఎంతమంది ఉన్నారో నిజం చెప్తేనే అది కదులుతుంది.

ఇవాళ నేనే ఆ వీధికి వెళ్ళాను. లిఫ్టు కొత్తది, తలుపుకి అద్దం. లోపలికి వెళ్ళి ఐదు అంకె మీద వేలు పెట్టాను. నొక్కలేదు. మా ఆయన తప్పు ఆయన నోట రాకుండా నేను మోసుకెళ్ళి ఆవిడ మంచం మీద పెడితే, ఆవిడకి ఇంకొక బరువు తప్ప ఏమిచ్చినట్టు? అలా అనుకుని వచ్చేశాను. దారిలో తట్టింది, మీ అన్నయ్య కూడా సరిగ్గా ఇదే అన్నారని. ఇంటికి తిరిగొచ్చేసరికి ఆయన పక్కన నాకూ చోటు దొరికినట్టు అనిపించింది. మళ్ళీ వెళ్తానేమో తెలియదు. వెళ్తానని రాయడానికి చెయ్యి రావడం లేదు, రాయను.

నేను రాను. ఆయన్ని ఇలా వదిలి కొండ ఎక్కలేను. నా పేరూ, ఆయన పేరూ మురిగిపోనీ. నువ్వు మాత్రం వెళ్ళు. పద్నాలుగేళ్ళు దాచుకున్నావు. మా కోసం కాదు, ఆ రైలు మళ్ళీ అలా నడవదు కాబట్టి వెళ్ళు. చలికి మేజోళ్ళు ఎక్కువ పెట్టుకో. ఎలా ఉందో ఉత్తరం రాయి, నేను చదువుతాను. ఆయనకి చదివి వినిపిస్తానో లేదో ఇప్పుడే చెప్పలేను.

ఆగస్టులో నిన్ను అన్న మాటలకి నన్ను క్షమించు. ఈ ఇంట్లో ఆ మాట ఎత్తవద్దన్నాను. అసలు ఎత్తింది నువ్వొక్కదానివే.

ఈ పూట నా పుస్తకంలో ఒక పేజీ తీసి నీ పేరు రాశాను. ఆ గంట నువ్వు తినలేదు. మీ అన్నయ్య నీతో బెంచీ మీద కూర్చున్న గంట ఎవరి దగ్గరా తీసుకున్నది కాదు, తన చేత్తో నీకు ఇచ్చింది. దాని కింద గీత కొట్టాను. నువ్వూ కొట్టు.

వదిన

తోక తన అన్నయ్యకి ఉన్న బాకీ, గంట ఒకటి: చెల్లు.